మేనత్తకి వాట్సాప్ పిలుపు

చుట్టాల్ని వరసపెట్టి పిలవడం నాకు చేతకాదు. రాజమండ్రిలో పుట్టి, ఇక్కడే పెరిగి, ఇక్కడే ఇంట్లో కూర్చుని కంప్యూటర్ ఉద్యోగం చేసుకునేవాడు అనాల్సిన మాట కాదు గానీ, నిజం. మా వైపు మర్యాదకి లోటుండదు. మాట చివర ‘అండి’ తగిలిస్తే గౌరవం దానంతటదే వచ్చేస్తుంది, ‘ఆయ్’ అంటే సగం సంభాషణ గడిచిపోతుంది. వరస అలా రాదు. ఎదుటావిడ అత్తయ్యో, పిన్నో, వదినో, అక్కో తేలకుండా నోరు తెరవడానికి లేదు. పెళ్ళైన కొత్తలో పాలకొల్లులో మా అత్తారింటి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళనల్లా ‘అండి’తోనే నెట్టుకొచ్చాను. రండి, కూర్చోండి, బాగున్నారాండి. మొదట్లో మర్యాదస్తుడన్నారు. తర్వాత తర్వాత మా అత్తగారు, ‘అల్లుడుగారికి మనుషులు ఆనరేమో’ అని నా ఎదురుగానే, నాతో కాకుండా గోడతో అన్నారు.

మా ఆవిడ పాపం ఓపిగ్గానే చెప్పింది.

“మా పెద్దత్తయ్యని మీరు అత్తయ్యా అనకూడదండీ. ఆవిడ నాకు మేనత్త. మీకు పెద్దమ్మ అవుతుంది.”

“మీ నాన్నగారి అక్క నాకు పెద్దమ్మ ఎలా అవుతుంది?”

“మా నాన్న మీకు మామయ్యే కదా? మామయ్యంటే అమ్మకి తమ్ముడి వరస. ఆయన తోడబుట్టినావిడ అమ్మ వరస కాక ఇంకేమవుతుంది?”

ఇంత చక్కటి లెక్క విన్నాక నాకు సిగ్గేయాలి. వెయ్యలేదు, జూలియా గుర్తొచ్చింది. ఆ మాటే పైకి అన్నాను. జూలియా ఎవరని మా ఆవిడ అడగలేదు. అడిగే రోజులు ఎప్పుడో దాటిపోయాయి.

జూలియా ఒక ప్రోగ్రామింగ్ భాష. జెఫ్ బెజాన్సన్, స్టెఫాన్ కార్పిన్‌స్కీ, విరల్ షా, అలన్ ఎడెల్మన్ అనే నలుగురు 2009లో మొదలుపెట్టి, 2012 ఫిబ్రవరి 14న లోకానికి చూపించారు. వీళ్ళలో విరల్ షా మన దేశంవాడే. ఒకప్పుడు ఆధార్ పనిలో ఉన్నాడు, నందన్ నీలేకనితో కలిసి 2015లో ‘రీబూటింగ్ ఇండియా’ అనే పుస్తకం రాశాడు. 2018లో 1.0 వెర్షన్ వచ్చాక లెక్కలూ సైన్సూ చేసుకునేవాళ్ళలో ఈ భాషకి బాగానే పేరొచ్చింది. నా జీతం దాని మీదే వస్తోంది. అంచేత అన్నం తింటున్నా, అత్తారింటికి వెళ్ళినా అదే గుర్తొస్తుంది.

జావా, పైథాన్ లాంటి భాషల్లో పనులు వస్తువుల సొంతం. ఒక వస్తువుని పట్టుకుని ‘ఈ పని చెయ్యి’ అంటాం. ఏ తీరున చెయ్యాలన్నది ఆ ఒక్క వస్తువు ఏ రకమో చూసుకుంటే తేలిపోతుంది. ఆ లెక్కన పెద్దత్తయ్య దగ్గరికే వెళ్ళి, మిమ్మల్ని ఏమని పిలవాలండీ అని అడగాలి. ఆవిడ ఏం చెబుతుంది? మా ఆవిడకి అత్తయ్య, నాకు పెద్దమ్మ, మా అబ్బాయికి మామ్మగారు, మా అత్తగారికి వదిన. ఆవిడొక్కర్తిని చూస్తే జవాబు రాదు. పిలిచేదెవరో కూడా చూడాలి. జూలియా చేసేది సరిగ్గా ఇదే. అందులో పని ఏ వస్తువు ఇంట్లోనూ కాపురం ఉండదు, బయటే విడిగా ఉంటుంది. ‘పిలు’ అని ఒక ఫంక్షన్ పెట్టి, ఎవరు, ఎవర్ని అని ఇద్దర్నీ అందిస్తే, ఇద్దరి రకాలూ చూసి, ఆ జతకి అన్నిటికన్నా దగ్గరగా అతికే తీరుని, అంటే మెథడ్‌ని, అదే ఎంచుకుంటుంది. దీన్ని మల్టిపుల్ డిస్పాచ్ అంటారు. ఒకే పేరు కింద ఎన్ని మెథడ్లైనా ఉండొచ్చు. జూలియాలో కూడిక గుర్తు ఒక్కదానికే నూటికి పైగా ఉన్నాయి. ఈ ఏర్పాటు కామన్ లిస్ప్‌లో అంతకు ముందే ఉంది. జూలియా వాళ్ళు భాష మొత్తాన్నీ దాని మీద నిలబెట్టి, వేగంగా పరుగెత్తించారు. మన పూర్వీకులకి ఇదంతా ముందే తెలుసని నేను చెప్పబోవడం లేదు. వాళ్ళకి వరసలు తెలుసు. నాకు తెలీదు.

తెలీదు గనక ప్రోగ్రామ్ రాశాను. ‘వరస’ అని ఒక మాడ్యూల్, అంటే ఫంక్షన్లు పెట్టుకునే పెట్టె. అందులో ఇందాకటి ‘పిలు’. జూలియాలో పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు గనక మామయ్య మామయ్యగానే ఉన్నాడు, అంకుల్ కాలేదు. ఫోన్లో పెట్టుకుని, గుమ్మంలో ఎవరైనా కనబడితే పేరు కొట్టి చూసుకోవడం నా పథకం. జవాబు వచ్చేలోగా వచ్చినావిడ వంటింట్లోకి వెళ్ళిపోయేది. అయినా రాస్తూ పోయాను.

మొదటి దెబ్బ మా బావ దగ్గర తగిలింది. ఆయన నా మేనత్త కొడుకు. చిన్నప్పట్నుంచీ బావా అనే పిలుస్తాను. ఆయన మా ఆవిడ అక్కనే చేసుకున్నాడు, నాకు ఈ సంబంధం కుదిర్చిందీ ఆయనే. దాంతో నాకు తోడల్లుడయ్యాడు. తోడల్లుడంటే అన్నయ్య వరస. ఇప్పుడాయన భార్యని ఏమనాలి? బావ పెళ్ళాంగా చూస్తే అక్క. మా ఆవిడ అక్కగా చూస్తే వదిన. ఒకావిడే ఒకే ముహూర్తంలో అక్కా వదినా అయితే మనిషి ఎటు నవ్వాలి? ప్రోగ్రామ్ నడిపితే జూలియా ఆగిపోయింది. ఒక మెథడ్ ఒకవైపు నుంచి దగ్గరగా అతుకుతోంది, ఇంకోటి ఇంకోవైపు నుంచి అతుకుతోంది, రెండిట్లో ఏది ఎక్కువో తేలడం లేదు, ఇది ఆంబిగ్యుయస్ అంది. రెండు మెథడ్లనీ పక్కపక్కన చూపించి, ఈ జతకే సరిపోయేలా మూడోది నువ్వే రాసుకో అని సలహా కూడా ఇచ్చింది. జూలియాలో నాకు బాగా నచ్చే గుణం ఇది. ఊహించి ఏదో ఒకటి చేసెయ్యదు.

ఆ మూడో మెథడ్ మా మామ్మ రాసింది, కంప్యూటర్ ముట్టుకోకుండా. “వాడు మనకి ముందు మనవడు, వాళ్ళకి తర్వాత అల్లుడు. బావే.” ఆ లెక్కన ఆవిడ నాకు అక్క. తీర్పు బాగానే ఉంది గానీ వాళ్ళబ్బాయికి ఎవరూ చెప్పలేదు. వాడికి నేను తండ్రి వైపు నుంచి మామయ్యని, తల్లి వైపు నుంచి బాబాయిని. రాజమండ్రిలో మామయ్యా అంటాడు. పాలకొల్లు వెళుతూ కారు సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటిందంటే బాబాయ్ అంటాడు. అన్నిటికీ పనికొస్తుందని ఈమధ్య ‘బాబాయ్ మామయ్యా’ అంటున్నాడు. వాడికి నా ప్రోగ్రామ్ అక్కర్లేదు.

ఇలా ఉండగా మా బావమరిదికి పెళ్ళి కుదిరింది. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు, హైదరాబాదులో ఉద్యోగం, అతనిదీ నా పనే. అంటే పాలకొల్లు ఇంట్లో జూలియా పేరు చెబితే కనుబొమ్మలు ఎగరెయ్యకుండా వినే ఏకైక మనిషి. పెళ్ళి పిలుపులకి అతనూ ఒక మాడ్యూల్ రాసుకున్నాడు. దాని పేరు ‘పెళ్ళి’. చుట్టాలందర్నీ పెళ్ళికొడుకు వైపు నుంచి రకాలుగా విడగొట్టాడు. దగ్గర చుట్టాలు, వాళ్ళలో మళ్ళీ మేనత్తలు, మేనమామలు, పిన్నులు. ఆ తర్వాత ఊరివాళ్ళు, ఆఫీసువాళ్ళు. ఎవరు వెళ్ళాలి, ఎవర్ని పిలవాలి అని ఇద్దర్ని అందిస్తే, ఎలా పిలవాలో చెప్పే ఫంక్షన్ ఒకటి. దగ్గర చుట్టమైతే ‘ఇంటికెళ్ళి బొట్టు పెట్టి’. ఊరివాళ్ళయితే ‘శుభలేఖ’. ఆఫీసువాళ్ళయితే ‘వాట్సాప్’. ఆ ఫంక్షన్‌కి అతను పెట్టిన పేరు ‘పిలు’.

నాదీ పిలు, అతనిదీ పిలు. ఇద్దరిదీ తెలుగే, ఎవరిదీ తప్పు కాదు. నా పిలు నోటితో పిలవడం, అతని పిలు పెళ్ళికి పిలవడం. రెండూ ఇద్దరేసి మనుషుల్నే అడుగుతాయి.

చుట్టాల చిట్టా అంతా అతని మాడ్యూల్లో సిద్ధంగా ఉంది గనక, దాన్ని వాడుకుందామని రెండు మాడ్యూళ్ళూ ఒకేచోట తెరిచాను. ‘పిలు’ అని వాడబోగానే జూలియా హెచ్చరించింది. ఈ పేరు రెండు మాడ్యూళ్ళూ ఇస్తున్నాయి, ఏ మాడ్యూల్‌దో ముందు చెప్పి పిలువు అంది. చెప్పకపోతే అసలు అలాంటి పేరే లేదన్నట్టు కూర్చుంటుంది. కొత్తవాళ్ళందరికీ ఇక్కడ చిరాకేస్తుంది. పేరొకటే కదా, రెండిట్లోని మెథడ్లూ కలిపేసి, అందించిన మనుషుల్ని బట్టి తేల్చుకోవచ్చు కదా అంటారు. కలపదు. పేరొకటైనంత మాత్రాన పని ఒకటని దానికి నమ్మకం లేదు. కలిపితే, ఎక్కడో ఎవరో తన మాడ్యూల్లో ఒక మెథడ్ రాసుకున్న పాపానికి ఇంకెవరిదో ప్రోగ్రామ్ రాత్రికి రాత్రి నడక మార్చుకుంటుంది.

ఇందులో చిరాకుపడ్డానికేం లేదని గోదావరి జిల్లాలవాడికి వేరే చెప్పనక్కర్లేదు. 1925లో పశ్చిమ గోదావరి పుట్టినప్పట్నుంచీ ఏటికి తూర్పున ఉన్నది తూర్పు గోదావరి, పడమట ఉన్నది పశ్చిమ గోదావరి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టారు. కాకినాడ వేరు, కోనసీమ వేరు. రాజమండ్రి దగ్గర మిగిలినదానికి పాత పేరే ఉంచి, ఏటికి పడమటనున్న కొవ్వూరునీ నిడదవోలునీ దాంట్లో కలిపారు. ఇప్పుడు కొవ్వూరు తూర్పు గోదావరి. పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణం ఏలూరు కాదు, భీమవరం. అందుకే పేపరువాళ్ళు పాత జిల్లా అని చెప్పాల్సొస్తే ‘ఉమ్మడి తూర్పు గోదావరి’ అని రాస్తారు. ఆ ‘ఉమ్మడి’ లేకపోతే ఏ జిల్లా సంగతో తేలదు.

మనుషుల పేర్లకైతే ఈ ఏర్పాటు ఎప్పట్నుంచో ఉంది. గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళి లక్ష్మీనరసింహంగారి నాటకం కావాలంటే, ఏ లక్ష్మీనరసింహం అని అడగరూ? చిలకమర్తి లక్ష్మీనరసింహం, పానుగంటి లక్ష్మీనరసింహారావు. ఇద్దరూ ఈ గోదావరి వాళ్ళే, పుట్టుకలో రెండేళ్ళు తేడా, ఇద్దరూ నాటకాలు రాశారు, ఇద్దరూ జనాన్ని నవ్వించారు. ‘గణపతి’ రాసింది చిలకమర్తి, ‘సాక్షి’ వ్యాసాలు రాసింది పానుగంటి. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. జూలియాలోనూ మాడ్యూల్ పేరు ముందు, చుక్క, ఫంక్షన్ పేరు తర్వాత.

ఇంత తెలిసినవాణ్ణి ‘వరస చుక్క పిలు’, ‘పెళ్ళి చుక్క పిలు’ అని రాసుకుంటే సరిపోయేది. రాయలేదు. బద్ధకం. ప్రతిసారీ ఇంటిపేరుతో ఎవడు కొడతాడని, నా మాడ్యూల్లోకి అతని పిలుని ఇంపోర్ట్ చేసేసుకుని, నా మెథడ్లు దాని కిందే రాశాను. ఇంపోర్ట్ చెయ్యడం నేరం కాదు. ఒక వస్తువుని తెర మీద ఎలా చూపించాలో చెప్పే ‘షో’ అనే ఫంక్షన్ జూలియా సొంత మాడ్యూల్ బేస్‌లో ఉంది. ప్రతి ప్యాకేజీవాడూ దాన్ని తెచ్చుకుని, తన రకాల కోసం తన మెథడ్ చేరుస్తాడు. ఈ భాష బలమంతా అక్కడే. కాకపోతే దానికో కట్టుబాటుంది. పేరైనా నీదై ఉండాలి, రకమైనా నీదై ఉండాలి. రెండూ పరాయివైతే దాన్ని టైప్ పైరసీ అంటారు. నేను తీసుకున్న పిలు అతనిది. మేనత్త అనే రకమూ అతనిదే. నాదంటూ అందులో ఉన్నది నిద్రమత్తు ఒక్కటే.

అత్తగారు గోడతో అన్న మాట మనసులో ఉండిపోయింది గనక మేనత్తలతో మొదలుపెట్టాను. ఎవరైనా ఒక మనిషి, ఎదురుగా మేనత్త, అయితే ‘అత్తయ్యా’ అనాలి. అక్కడిదాకా రాసి నిద్రపోయాను. పిలిచేవాడు అల్లుడైతే పెద్దమ్మ అనాలన్న మెథడ్ మర్నాటికి వాయిదా పడింది. మేనమామలూ పిన్నులూ నా నిద్ర వల్ల బతికిపోయారు.

మర్నాడు బావమరిది తన జాబితా తీశాడు. పెళ్ళిపనుల కంప్యూటర్ ఒక్కటే, అందులో నా మాడ్యూల్ తెరిచి ఉంది. అతని మెథడ్ ‘దగ్గర చుట్టాలు’ అందరికీ రాసింది. నాది ‘మేనత్త’కని ప్రత్యేకంగా రాసింది. కచ్చితంగా అతికేదానికే పెద్దపీట అన్నది జూలియా ధర్మం. కాబట్టి మేనత్తలందరికీ జవాబు ‘ఇంటికెళ్ళి బొట్టు పెట్టి’ అని రాలేదు, ‘అత్తయ్యా’ అని వచ్చింది. ఎర్ర అక్షరాలు లేవు, హెచ్చరిక లేదు. అతని ప్రోగ్రామ్ ‘బొట్టు’ అన్నవాళ్ళని ఒక జాబితాలో వేసింది, ‘శుభలేఖ’ అన్నవాళ్ళని ఇంకో జాబితాలో వేసింది, ఈ రెండూ కానివాళ్ళని వాట్సాప్ జాబితాలో పడేసింది.

పెళ్ళికొడుకు మేనత్తలు అందరూ ఆఫీసువాళ్ళ సరసన చేరారు.

మా వైపు మేనత్తని బొట్టు పెట్టి పిలవకపోవడం అంటే ఏమిటో తెలిసినవాళ్ళు ఈ పేరా చదవనక్కర్లేదు. తెలియనివాళ్ళకి చెప్పినా తెలీదు. నరసాపురంలో ఉన్న పెద్దత్తయ్య ఫోన్‌కి, సన్నాయి పాట వెనకాల మోగుతుండగా పూలరేకులు రాలే శుభలేఖ వెళ్ళింది. ఆవిడ తమ్ముడికి, అంటే మా మామగారికి, ఫోన్ చేసింది.

“ఫోన్లో బొమ్మొచ్చిందిరా అబ్బాయ్. చూశాను. బావుంది. పెళ్ళి కూడా ఫోన్లోనే చేసేస్తారా, మేం రావాలా?”

ఆ తర్వాత తణుకు నుంచి, భీమవరం నుంచి కూడా ఫోన్లు వచ్చాయి. మా మామగారు అరుగు మీద కూర్చుని ఫోన్ పట్టుకుని ‘ఆయ్, ఆయ్’ అంటూనే ఉన్నారు. ఇంట్లోవాళ్ళు ముందు వాట్సాప్‌ని అనుమానించారు. నేను కాదనలేదు. తర్వాత కంప్యూటర్ దగ్గర ఆడుకుంటున్న బాబాయ్ మామయ్యా కుర్రాణ్ణి అనుమానించారు. అప్పుడూ నేను గట్టిగా కాదనలేదు. ఇది రాస్తుంటే చెయ్యి కాస్త వణుకుతోంది గానీ, ఆ రోజు వణకలేదు.

బావమరిది నెమ్మదైన మనిషి. “నా మాడ్యూల్ ఒక్కటీ తెరిస్తే బాగానే వస్తోంది బావగారూ. రెండూ తెరిస్తేనే తేడా వస్తోంది,” అన్నాడు. జూలియాలో ‘విచ్’ అని ఒక మాక్రో ఉంది. పని అడిగే ముందు దాన్ని తగిలిస్తే, ఎన్ని మెథడ్లున్నా అందులో ఏది పలుకుతుందో, ఏ ఫైల్లో ఎన్నో లైన్లో ఉందో చెబుతుంది. అతను అది కొట్టాడు. ఫైలు ఉన్న ఫోల్డర్ పేరుతో సహా వచ్చింది. ఫోల్డర్‌కి నా పేరే పెట్టుకున్నాను.

అతను తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు, ల్యాప్‌టాప్ మూత మెల్లగా దించాడు. బావగార్ని అనడానికి అతనికి వరస అడ్డొచ్చింది. వాళ్ళక్కకి అలాంటి అడ్డేం లేదు.

మీ ప్రోగ్రామ్‌లో ముందూ వెనకా చూడకుండా తెలియనివాళ్ళందర్నీ వాట్సాప్‌లోకి తోసెయ్యడం కూడా తప్పే కదా అని బావమరిదితో అన్నాను. సాంకేతికంగా ఆ మాట నిజం. మళ్ళీ అనలేదు.

ఆ రాత్రే అతను మూడో మాడ్యూల్ ఒకటి పెట్టాడు. జూలియా లోకంలో ఇలాంటివి నిజంగానే ఉన్నాయి. డేటాఏపీఐ, స్టాట్స్ఏపీఐ అని చిన్న చిన్న ప్యాకేజీలు. నలుగురూ వాడుకునే పేర్లు అందులో దాచి ఉంచుతారు, పని పెద్దగా ఉండదు. ఒకే అర్థంలో ఒకే పేరు వాడదల్చుకున్నవాళ్ళందరూ అక్కణ్ణుంచి తెచ్చుకుని, తమ తమ మెథడ్లు తమ తమ రకాలకి రాసుకుంటారు. ఒక్క మెథడ్ కూడా లేకుండా ఉత్త పేరుతో ఫంక్షన్ ప్రకటించుకోవడానికి జూలియా ఒప్పుకుంటుంది. అతను ‘ఆహ్వానం’, ‘సంబోధన’ అని రెండు పేర్లు విడివిడిగా ప్రకటించి, నా పని సంబోధన కిందకి తోసేశాడు. పేరు ఉంటుంది, లోపల మెథడ్ ఉండదు. అల్లుడుగారు అనే హోదాకి ఇంతకన్నా మంచి నిర్వచనం నేను ఎక్కడా చూళ్ళేదు.

మర్నాడు పొద్దున్నే కుంకుమభరిణె పట్టుకుని మా అత్తగారు, మా ఆవిడ వెనక సీట్లో కూర్చున్నారు. డ్రైవర్ని నేను. తణుకు, భీమవరం అయ్యాక చివర్న నరసాపురం. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ మా అత్తగారు బొట్టు పెట్టి, జరిగిన సంగతి మొదట్నుంచీ చెప్పేవారు. ప్రతి ఇంట్లోనూ కథ కాస్త పెరిగేది. నరసాపురం చేరేసరికి నేను రాత్రిళ్ళు ఎవరో జూలియాతో కూర్చుని ఈ పని చేశానన్నదాకా వెళ్ళింది.

పెద్దత్తయ్య బొట్టు పెట్టించుకుంది, తాంబూలం తీసుకుంది. మా ఆవిడకి జాకెట్టు గుడ్డ పెట్టింది, మా అత్తగారికి కాఫీ ఇచ్చింది. 2022 సంక్రాంతికి కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించారని పేపర్లలో పడ్డ ఊరు ఇదే. నా ముందు ఒక గ్లాసుడు మంచినీళ్ళు పెట్టారు. చల్లగా ఉన్నాయి.

“అయితే అల్లుడుగారూ, మీ కంప్యూటర్ లెక్కన నేను మీకేమవుతానండీ?”

ఫోన్ జేబులోనే ఉంది. తియ్యలేదు. “పెద్దమ్మండి,” అన్నాను.

“ఆయ్. ఎవరు చెప్పారు?”

“మా ఆవిడండి.”

“మాఘమాసంలో మా మనవరాలి పెళ్ళండి. మీ ఆవిణ్ణి పంపించండి, జాబితా రాసుకోవాలి,” అని లోపలికి వెళ్ళిపోయింది.